కరువు బొమ్మల బీరువా తెరవండి

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సమాచార పౌరసంబంధాల శాఖ సంచాలకులకు,
అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల కలెక్టర్లకు,



మీరు కెమెరా పట్టుకుని మా ఊళ్ళకు వచ్చినప్పుడు మేం ఏనాడూ కాదనలేదు. ఊడలు దిగని శెనక్కాయ మొక్కను పీకి చూపమంటే పీకి చూపించాం. బీటలు తీసిన చెరువు నడిమధ్యన నిలబడి ఆకాశం వైపు చూడమంటే చూశాం. పశువుల శిబిరం దగ్గర, నీళ్ళ ట్యాంకరు దగ్గర, ఉపాధి పనుల గుంతల దగ్గర వరుసలో నిలబడ్డాం. కేంద్ర బృందాలు కరువు చూడడానికి వచ్చినప్పుడు మీరు పెట్టిన ఫోటో ప్రదర్శనల్లో ఉన్నవి మా మొహాలే, మా చేలే. ఆ బొమ్మలు నివేదికల్లో చేరి ఢిల్లీ వెళ్ళాయి. తర్వాత మీ కంప్యూటర్లలోకీ బీరువాల్లోకీ పోయాయి. ఇప్పుడు మేం అడిగేది ఒక్కటే. ఆ ఫోటోలు మాకివ్వండి. ఊరికే చూసి దాచుకోవడానికి కాదు, కత్తిరించడానికి, ఒకదాని పక్కన ఒకటి అతికించడానికి, కెమెరాకు దొరకనిదాన్ని మా చేతులతో చూపించడానికి.

ఎందుకింత పట్టుదలంటే, ఈ మధ్య ఒక కార్యాలయంలో విన్న మాట నాకు మింగుడుపడలేదు. నాకు తెలిసిన ఒక డిగ్రీ విద్యార్థిని ఫోటోల ముక్కలతో ఒక బొమ్మ, అంటే కొలాజ్, చేసింది. లేపాక్షి గుడిలో ఒకే ఒంటికి మూడు తలలున్న ఆవు చెక్కడం మీకు తెలిసే ఉంటుంది. ఏ తల వైపు చూస్తే ఆ ఒళ్ళు ఆ తలదే అనిపిస్తుంది. ఆ అమ్మాయి ఆ రాతి ఆవును ఎర్రనేల మీద నిలబెట్టింది. ఒక తల ఎండిన చెరువులో గరిక వెతుకుతోంది. రెండో తల గాలిమర రెక్కల వైపు ఎత్తి ఉంది. మూడోది ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో కొత్త కార్లు బారులు తీరిన చోటికి తిరిగి ఉంది. చెరువు ముక్క ఒక ప్రభుత్వ ప్రకటనలో వచ్చిన ఫోటోలోది. ఆ బొమ్మను ఒక ప్రదర్శనకు పంపితే, ఇది మార్ఫింగ్ అని తిప్పి పంపారు. పైగా మా ఫోటో వాడడానికి ఎవరి అనుమతి తీసుకున్నావని అడిగారు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయను. అది ఒక్కచోటి ధోరణే అయితే ఈ లేఖ అక్కర్లేదు. ఫోటో మీద కత్తెర పెడితే నేరమని, ఫోటో ఎవరు తీయిస్తే వాళ్ళ సొత్తని అనుకోవడం మీ వ్యవస్థ మొత్తంలో పాతుకుపోయింది.

ఒక్కమాట అడుగుతాను. లేపాక్షి ఆవుకు మూడు తలలు చెక్కిన శిల్పి ఏం నేరం చేశాడు? ఆ గుడి బొమ్మలే కదా మీ పర్యాటక ప్రకటనల మీద అచ్చేసుకుంటున్నారు? కదిరిలో మనం మొక్కే దేవుడి రూపం మనిషి ఒంటి మీద సింహం తల. మన గుళ్ళలో స్తంభాలను మోసే యాళికి సింహం ఒళ్ళు, ఏనుగు తొండం. ఉన్నవాటిని విడదీసి లేనిదాన్ని కూర్చడం ఈ నేలకు ఎవరో బయటివాళ్ళు నేర్పిన విద్య కాదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు వెళ్ళండి. అక్కడ తోలుబొమ్మ ఒకే తోలు ముక్క కాదు. తల వేరు, చేతులు వేరు, కాళ్ళు వేరు. ముక్కలు కోసి, రంగులద్ది, కీళ్ళ దగ్గర దారంతో కలిపితేనే హనుమంతుడు కదులుతాడు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది ప్రభుత్వమే. తోలు ముక్కలు కలిపితే పద్మశ్రీ అయినది ఫోటో ముక్కలు కలిపితే మార్ఫింగ్ ఎలా అయింది?

సినిమా మాట కూడా చెప్పాలి, ఎందుకంటే అందులోనూ మన జిల్లా వాటా ఉంది. కె.వి.రెడ్డి గారు, అంటే కదిరి వెంకటరెడ్డి, 1912లో తాడిపత్రిలో పుట్టారు. 1957లో ఆయన ‘మాయాబజార్’ తీసినప్పుడు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీతో కలిసి చేసిన పనేమిటి? వేరువేరుగా తీసిన బొమ్మలను ఒక్కటిగా చూపించడమే. లడ్డూలు తమంతట తాము ఎగిరి వెళ్ళి ఘటోత్కచుడి నోట్లో పడతాయి. కంప్యూటర్ అన్న మాటే తెలియని రోజుల్లో తెలుగు జనం ఆ మాయను నెత్తిన పెట్టుకున్నారు. చూసినవాళ్ళెవరూ మోసపోలేదు. అది జరగదని అందరికీ తెలుసు. తెలిసీ ఆనందించారు. మోసానికీ కల్పనకూ మధ్య ఉన్న గీత అక్కడే ఉంది. చూసేవాడిని నమ్మించి దెబ్బతీయడం మోసం. కుట్లు కనబడేట్టు కలిపి, చూడు, ఆలోచించు అనడం కళ. ఒక ఆడపిల్ల మొహాన్ని మరో ఒంటికి తగిలించి పంపే దుర్మార్గుడిని మీరు పట్టుకోండి, మేమంతా మీ వెంట ఉంటాం. ఆ దుర్మార్గుడి పేరు చెప్పి ఈ పిల్ల చేతిలో కత్తెర లాక్కోకండి.

అసలు మన వీధుల్లో ఉన్నదేమిటి? అనంతపురం టవర్ క్లాక్ నుంచి ఏ రోడ్డు పట్టుకున్నా ఫ్లెక్సీలే. నాయకుడి తలను గీతోపదేశం చేసే కృష్ణుడి ఒంటికి తగిలిస్తారు. వెనక సింహాలు, పైన గద్దలు, పక్కన పాతికమంది అభిమానుల తలకాయలు. ఆ ఫ్లెక్సీ డిజైనర్లు ఫోటోషాప్‌లో చేసిన పీఎస్‌డీ ఫైళ్ళు ఒకరికొకరు పంచుకుంటారు, ఒకరి నేపథ్యం మరొకరు వాడతారు, పెళ్ళి ఆల్బమ్ మిక్సింగ్ చేసే కుర్రాళ్ళూ అంతే. చాలా గట్టి పనివాళ్ళు వాళ్ళు. బొమ్మల ముక్కలు కలపడంలో మన పట్టణాల్లో ఉన్నంత చేయి తిరిగిన యువత ఎక్కడ ఉంది? ఆ నేర్పంతా నాయకుల పుట్టినరోజులకు పోతోంది. నాయకుడి మొహం దేవుడికి అతికిస్తే అభిమానమని వదిలేసే మీరు, ఎండిన చెరువును రాతి ఆవు కింద పెడితే ఎందుకు ఉలిక్కిపడుతున్నారు?

ఇక అసలు సంగతికి వస్తాను. మా జిల్లా గురించి మీ దగ్గర రెండు ఆల్బమ్‌లు ఉన్నాయి. ఒకటి కరువు ఆల్బమ్. సాయం అడగవలసి వచ్చినప్పుడు అది తెరుస్తారు. అందులో బీటల నేల, బక్క ఎద్దు, నుదుటి మీద చేయి అడ్డం పెట్టుకున్న ముసలి రైతు. రెండోది ప్రగతి ఆల్బమ్. అందులో పచ్చని బత్తాయి తోట, నిండిన పంట కుంట, సౌర ఫలకాల బారులు, నవ్వుతున్న మహిళా సంఘం. రెండూ నిజమే. రెండూ ఒకే మండలంలో, ఒక్కోసారి ఒకే రైతు చేలో తీసినవే. కానీ మీ చేతుల్లో ఆ రెండు ఆల్బమ్‌లూ ఎన్నడూ ఎదురుపడవు. అనంతపురం నిజమంతా ఆ రెండింటి మధ్యనే ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మీద, ఒక్క శెనక్కాయనే నమ్ముకుని లక్షల ఎకరాలు సేద్యం చేసిన జనం, ఆ వాన తప్పిన చోటే బత్తాయిని బతికించుకోవడానికి బోరు మీద బోరు వేస్తే ఏమవుతుందో ఏ ఒక్క ఫోటోలో పడుతుంది? పచ్చని తోట ఫోటోలో అప్పు కనబడదు. విఫలమైన బోరు ఫోటోకే దొరకదు. అది నేలలో ఒక రంధ్రం, దాని మీద ఒక రాయి, అంతే. కానీ కొలాజ్ చేసే పిల్లవాడు ఒకే చేలో ఎండిపోయిన బోర్లన్నిటినీ వాటి లోతు మేర నేల మీద నిలువునా నిలబెట్టగలడు. గుత్తి కోట కొండను దాటిపోయే ఇనుప గొట్టాల అడవిని చూపించగలడు. ఆ బొమ్మ అబద్ధమా? అందులోని అడుగులన్నీ ఆ కుటుంబం డబ్బు కట్టి తవ్వించినవేనే!

ఈ పీఠభూమి మీద మామూలు దృశ్యాలే కలలో వచ్చినవాటిలా ఉంటాయి. బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరు వైపు హగరి నది ఇసుక పొలాల మీదికి దిబ్బలు దిబ్బలుగా పాకుతోంది. సినిమావాళ్ళు ఎడారి కావాలంటే అక్కడికే వచ్చి తీసుకున్నారని పి.సాయినాథ్ 2019లో రాశారు. రామగిరిలో మూతపడ్డ బంగారు గనుల దగ్గరే గాలిమరలు తిరుగుతుంటాయి. వజ్రకరూరులో తొలకరి పడగానే విత్తనం చల్లే చేలల్లోనే జనం తలలు వంచుకుని వజ్రాలు వెతుకుతారు. వీటిని పక్కపక్కన పెట్టడానికి పెద్ద ఊహ అక్కర్లేదు, ముక్కలు చేతికి దొరికితే చాలు. ఆ ముక్కలే మీ దగ్గర ఉన్నాయి.

మీరు చట్టం గుర్తుచేస్తారు. చేయండి, మేమూ చదివాం. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం చేయించిన పని మీద మొదటి హక్కు ప్రభుత్వానిదే. 28వ సెక్షన్ ప్రకారం ఆ హక్కు, ప్రచురించిన మరుసటి ఏడాది మొదలుకుని 60 ఏళ్ళు ఉంటుంది. ప్రచురించినప్పటి నుంచి అన్నది గమనించండి. అచ్చులో ఎక్కడా రాకుండా మీ ఫైలులోనే ఉండిపోయిన ఫోటోకు ఆ లెక్క మొదలే కాదు. అంటే ప్రపంచం చూడని ఫోటో ఎప్పటికీ మీదే. జనం డబ్బుతో, జనం మొహాలతో తీసిన బొమ్మను జనానికి చూపకపోతే దాని మీద హక్కు మీకు కలకాలం మిగులుతుంది! ఇది న్యాయమేనా? 1950ల మొదట్లో రాయలసీమలో గంజి కేంద్రాలు నడిచిన కాలపు ప్రభుత్వ ఫోటోలు మీ దగ్గర ఏవైనా మిగిలి ఉంటే, ఆ రోజుల్లోనే అచ్చయినవాటికి 60 ఏళ్ళు ఎప్పుడో నిండాయి. వాటిని మాకు చూపించడానికి ఇంకా ఎవరి సంతకం కావాలి?

ఇక బయటివాళ్ళు తీసిన బొమ్మల సంగతి చూడండి. 1876–78లో ధాత కరువు వచ్చింది. అప్పటికి మన తాలూకాలు చాలావరకు బళ్ళారి జిల్లాలో ఉండేవి, అనంతపురం జిల్లా 1882లో గానీ ఏర్పడలేదు. మద్రాసు సైన్యంలో పనిచేసిన హూపర్ అనే ఆంగ్ల అధికారి ఆ కరువులో ఎముకల గూళ్ళైన మనుషులను వరుసగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆ బొమ్మల మీద కాపీరైటు ఏనాడో తీరింది, ఎవరైనా వాడుకోవచ్చు. మనల్ని ఏలినవాడు తీసిన మన ఆకలి బొమ్మ మన పిల్లలకు చేతికందుతుంది. మనం ఎన్నుకున్న ప్రభుత్వం తీయించిన మన చెరువు బొమ్మ మాత్రం అందదు. అమెరికా, యూరప్ ఉపగ్రహాలు పైనుంచి తీసిన అదే చెరువు చిత్రం కూడా ఉచితంగా దొరుకుతుంది. ల్యాండ్‌శాట్ చిత్రాలను 2008లోనే అందరికీ తెరిచారు. ఆకాశంలోంచి చూసినవాడు ఇచ్చేది, కట్ట మీద నిలబడి చూసినవారు ఎందుకివ్వరు?

అమెరికాలో 1930ల కరువులో, ధూళి తుఫానుల్లో రైతులు ఊళ్ళు వదిలి వలసపోయినప్పుడు అక్కడి ప్రభుత్వమే ఫోటోగ్రాఫర్లను జీతాలిచ్చి పంపింది. రాయ్ స్ట్రైకర్ ఆ పనికి పెద్ద. డొరొతియా లాంగ్, వాకర్ ఎవాన్స్, ఆర్థర్ రోత్‌స్టైన్ తీసిన ఆ బొమ్మలు, లక్షన్నరకు పైగా నెగెటివ్‌లు, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. అక్కడి చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి విధుల్లో భాగంగా చేసిన పనికి అసలు కాపీరైటే లేదు. అక్కడా గొడవలు వచ్చాయి. 1936లో దక్షిణ డకోటాలో రోత్‌స్టైన్ ఒక ఎద్దు పుర్రెను కొన్ని అడుగులు జరిపి వేరే నేల మీద పెట్టి మళ్ళీ ఫోటో తీశాడు. పత్రికలు పట్టుకుని, ప్రభుత్వం దొంగ కరువు చూపిస్తోందని దుమ్మెత్తిపోశాయి. జరిపినట్టు చెప్పకపోవడమే అక్కడి తప్పు. మా పిల్లలు చెప్పే చేస్తారు, బొమ్మలోనే కత్తెర గాటు కనబడుతుంది. ఇంత రచ్చ జరిగినా ఆ నెగెటివ్‌ను వాళ్ళు దాచలేదు. స్ట్రైకర్ తనకు నచ్చని నెగెటివ్‌లకు పనికిరావని చిల్లులు పొడిచేవాడు. ఆ చిల్లుల నెగెటివ్‌లు కూడా ఇవాళ జనం చేతిలో ఉన్నాయి. ఆ నల్లని వలయం ఉన్నచోట ఏముండేదో ఊహించి ఈ శతాబ్దపు కళాకారులు కొత్త బొమ్మలు చేశారు. అధికారి పారేసినదాంట్లోంచి కూడా కళ పుట్టింది. మన దేశంలోనే వివాన్ సుందరం తన తాత ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ తీసిన ఇంటి ఫోటోలను కలిపి, ఎన్నడూ కలిసి కూర్చోని వాళ్ళను ఒకే గదిలో కూర్చోబెట్టాడు. 2001–02లో చేసిన ఆ బొమ్మలను ఎవరూ మార్ఫింగ్ అని తిప్పికొట్టలేదు.

అన్నీ ఇచ్చేయమని మేం అడగడం లేదు. ఇక్కడ మీ బాధ్యత చాలా పెద్దది, దాన్ని తేలిక చేయను. మనుషుల మొహాలు వేరు, చెరువులూ చేలూ వేరు. పురుగుమందు తాగి చనిపోయిన రైతు ఇంటి ముందు తీసిన ఫోటోలు ఎవరికీ ఇవ్వకండి. పరిహారం కోసం తీసుకున్న ఫోటో ఆ ఇంటి గాయం, అది ముడిసరుకు కాదు. ఉపాధి పనుల దగ్గర కూలీల ఫోటోలు రోజుకు రెండుసార్లు తీసి యాప్‌లో ఎక్కించడం 2023 జనవరి నుంచి తప్పనిసరి చేశారు. కూలి రావాలంటే మొహం చూపించాలి కాబట్టి ఆ అక్కలూ అన్నలూ చూపించారు. అది ఇష్టపూర్వకంగా ఇచ్చిన అనుమతి కాదు. అవి బయటికి రాకూడదు. కానీ అదే పథకంలో తవ్విన పంట కుంటలకూ కందకాలకూ పని ముందు, పని మధ్య, పని తర్వాత అంటూ మూడు దశల ఫోటోలు 2017 చివరి నుంచి తీయించారు కదా. వాటిలో మట్టి, రాయి, నీరు తప్ప ఏముంది? ఒక కుంట మూడు రూపాలూ, దాని మీద తర్వాత వచ్చిన వాన లేని ఏడాది రూపమూ కలిపి ఒక పిల్లవాడు ఒకే బొమ్మ చేస్తే, ఆ మండలం చరిత్ర మీ నివేదిక కంటే బాగా అర్థమవుతుంది.

ప్రభుత్వాన్ని ఎగతాళి చేస్తారన్న భయం మీకు ఉండవచ్చు. కొందరు విమర్శిస్తారు, నిజమే. నిండని కాలువ మీద ప్రారంభోత్సవపు రిబ్బను అతికిస్తారు. దానికి బాధ్యులు కత్తెర పట్టినవాళ్ళా, కాలువ నింపనివాళ్ళా? జర్మనీలో జాన్ హార్ట్‌ఫీల్డ్ 1932లో హిట్లర్ ఛాతీకి ఎక్స్‌రే తీసినట్టు చూపి, వెన్నెముక స్థానంలో నాణేలు పేర్చాడు. డబ్బే అతని వెన్నెముక అని ఆ బొమ్మ చెప్పింది. మీరు ప్రజాస్వామ్యంలో అధికారులు. ఆ బొమ్మను చూసి భయపడవలసిన వరుసలో మీరెందుకు నిలబడతారు?

పైగా దారి కొత్తగా వేయనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో బహిరంగ సమాచార లైసెన్సును గెజిట్‌లో ప్రకటించింది. ప్రభుత్వం పంచుకున్న సమాచారాన్ని, మూలం చెప్పి, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, దాన్నుంచి కొత్తవి చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. వ్యక్తిగత సమాచారాన్నీ, ప్రభుత్వ చిహ్నాలనూ అందులోంచి మినహాయించారు. మేం పైన అడిగిన జాగ్రత్తలన్నీ దాదాపు అందులోనే ఉన్నాయి. ఈ రెండు జిల్లాల ఫోటోలకు అదే షరతు వర్తిస్తుందని మీరు ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. ఫోటో తీసిన ఉద్యోగి పేరు, తీసిన ఊరు, తేదీ దాని కింద రాయండి. మీ ఫోటోగ్రాఫర్లకు ఇన్నేళ్ళుగా దక్కని గౌరవం అలా దక్కుతుంది. మా వైపు నుంచి, చేసిన ప్రతి బొమ్మ మీదా ఇది కొలాజ్ అని, ఏ ఫోటోల నుంచి చేసిందీ రాస్తాం. ప్రభుత్వ ప్రదర్శనల్లో, పోటీల్లో కొలాజ్‌కు ఒక విభాగం పెట్టండి. కడపలో ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయం ఉంది. ఎంపిక ఎలా చేయాలో వాళ్ళను అడగండి. నిమ్మలకుంట కళాకారులను, ఫ్లెక్సీ డిజైనర్లను కూడా ఆ కమిటీలో కూర్చోబెట్టండి. ముక్క ఎక్కడ కోయాలో, కీలు ఎక్కడ పెట్టాలో వాళ్ళకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఒకేసారి అంతా చేయలేమంటే ఒక్క మండలంతో మొదలుపెట్టండి. బొమ్మనహాళ్ తీసుకోండి. ఆ మండలంలో మీ శాఖలు ఇన్నేళ్ళూ తీసిన ఇసుక దిబ్బల, కాలువల, చెరువుల, చేల ఫోటోలు, మనుషుల మొహాలు లేనివి, ఒక్కచోట పెట్టి వచ్చే ఖరీఫ్ విత్తనాలు పడేలోపు తెరవండి. కుదరదంటే ఏ సెక్షన్ కింద కుదరదో, ఎవరి నిర్ణయమో రాతపూర్వకంగా చెప్పండి. సమాచార హక్కు దరఖాస్తు పెట్టించుకుని చెప్పడం కాదు, ఈ లేఖకు జవాబుగానే పత్రికల్లో చెప్పండి. లేపాక్షి ఆవు బొమ్మ చేసిన ఆ విద్యార్థిని కూడా మీ జవాబు కోసం చూస్తోంది. ఆ బొమ్మను తిప్పి పంపిన కార్యాలయం దాన్ని మళ్ళీ తెప్పించుకుని గోడకు తగిలించాలని కూడా ఇందుమూలంగా కోరుతున్నాను.

ఇట్లు,
అనంతపురం పౌరుడు